పక్క తోట మామ కుడిచెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆవులకు తప్ప మిగతా అందరికీ దెబ్బలంటే తెలుసు. మా తాతయ్య యుద్ధంలో పతకం తెచ్చుకున్న మనిషి. శత్రువుల బంకరులోకి ఒంటరిగా దూకి, గుండ్లు అయిపోయాక ఉత్త చేతులతోనే ఇద్దరిని చంపినందుకు ఆ పతకం ఇచ్చారని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. పింఛనుతో తిరిగి వచ్చాక ఆయన శ్రీనివాసపురం దగ్గర మా ఊళ్లో పాల వ్యాపారానికి రెండు సీమావులు కొన్నాడు. నాకు ఊహ తెలిసేనాటికి కొట్టంలో ఆరు ఆవులుండేవి. ఊరంతా ఆయన్ని 'మిలిటరీ' అనే పిలిచేది.

మా నాన్న వీపు మీద బెల్టు మచ్చలు ఉండేవి. మా అవ్వకు ఎడమ చెవి వినపడేది కాదు. ఎందుకని అడిగితే, "మీ తాత మిలిటరీ నుంచి వచ్చిన కొత్తల్లో" అని అంతటితో ఆపేది. తన్నే ఆవును కూడా తాతయ్య కొట్టడం మాత్రం నేను చూడలేదు. గొడ్డు తెలియక చేస్తుంది, మనిషి తెలిసి చేస్తాడు అనేది ఆయన న్యాయం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వానలు ముఖం చాటేశాయి. మేతకని వేసిన జొన్న కోసేశాక, ఎప్పుడో పడిన నాలుగు చినుకులకు మోళ్ల నుంచి పిలకలు లేచి, మోకాలెత్తు పెరిగి ఎండకు వాడిపోయాయి. పెద్దవాళ్లెవరూ ఆ మడివైపు గొడ్లను పోనిచ్చేవారు కాదు. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ వారమే మా నల్లావు ఈనింది. బాలింతకు మంచి తిండి పెట్టాలని అవ్వ అనడం విన్నాను. ఊరంతా ఎండుగడ్డే ఉన్న రోజుల్లో వాడినా పచ్చగానే ఉన్న ఆ పిలకలు నాకు కనిపించాయి. మధ్యాహ్నం మూడు దాటాక అందరూ నడుం వాల్చి ఉండగా కొడవలి తీసుకుపోయి, ఒళ్లో పట్టినన్ని కోసి తెచ్చి నల్లావు ముందు వేశాను. ఆత్రంగా తినేసింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

కాసేపటికే నల్లావు తూలింది. నోటి నుంచి నురగ. పడిపోయి నాలుగు కాళ్లూ కొట్టుకుంటుంటే గాటి పక్కన గోడ పెచ్చులు రాలాయి. మెడ వెనక్కి విరుచుకుని ఊపిరి కోసం అరిచింది. పక్కనే దూడ. తాతయ్య పరుగున వచ్చి దాని తల ఒడిలో పెట్టుకున్నాడు. మా అందరి వైపూ చూసి గట్టిగా అరిచాడు.

"ఏం తినింది? చెప్పండి, ఏం తినింది ఇది?"

నేను దూడ వెనకాల నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. ఆయన మణికట్టు మీద నరాలు ఉబ్బి ఉండటం చూసి మూసుకున్నాను.

ఎవరూ పలకకపోయేసరికి తాతయ్యే జవాబు వెతుక్కున్నాడు. పక్క తోట మామ పట్టుపురుగులు పెంచేవాడు. మూడు రోజుల ముందు మా ఆవు ఒకటి ఆయన మల్బరీ తోటలో పడితే, గట్టు మీద నిలబడి ఊరంతా వినేలా తిట్టిపోశాడు. "ఇంగోసారి మీ గొడ్డు నా తోటలో కాలు పెట్టిందంటే మందు పెట్టి చంపుతా" అన్నాడు. ఆ మాట తాతయ్యకు చాలింది.

డాక్టరు కోసం నాన్నను పంపి, తాతయ్య పాల డైరీ వైపు నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను. సాయంత్రం పాలు పోసే వేళ, జనం క్యాన్లతో వరసలో ఉన్నారు. వాళ్లలో ఉన్న మామ వెనక్కి తిరిగి, "ఏమప్పా మిలిటరీ, ఈపొద్దు ఉత్త చేతులతో వస్తివే?" అని నవ్వాడు. ఆ నవ్వు ముగియలేదు. తాతయ్య ఆయన కుడిచెయ్యి పట్టి వెనక్కి మెలితిప్పాడు. పచ్చి చెరకు గడ విరిచినట్టు చప్పుడైంది. పడిపోయిన మనిషి ముఖం మీద మోకాలు దించి కొట్టాడు. క్యాన్లు దొర్లి, నేల మీద పాలల్లో నెత్తురు చారలు చారలుగా పారింది. ఐదారుగురు పట్టుకుని లాగితేగానీ ఆయన లేవలేదు.

మేము ఇల్లు చేరేసరికి నల్లావు చచ్చిపోయింది. తాతయ్య దాన్ని చూశాడు. మూలనున్న గడ్డపార అందుకున్నాడు.

"ఇంగో చెయ్యి ఉండాది వానికి."

అవ్వ కాళ్లకు అడ్డం పడింది. ఆమెను దాటుకుని గుమ్మం చేరేసరికి, నాన్న బండి వెనక కూర్చుని పశువుల డాక్టరు వచ్చాడు. చచ్చిన ఆవు చెవి కోసి చూశాడు. నెత్తురు కుంకుమంత ఎర్రగా ఉంది.

"జొన్న పిలకలు గానీ తినిందా?" అన్నాడు.

"నా కొట్టంలో జొన్న పిలకలు వేసే ఎర్రినాకొడుకు ఎవడుండాడు?" అన్నాడు తాతయ్య.

"వాడిన లేత పిలకల్లో విషముంటాది పెద్దాయనా. కేజీఎఫ్ గనుల్లో బంగారం తీసేదానికి వాడిన సైనైడు ఉండాదే, అదే."

అప్పటికి నాకు అంతా అర్థమైంది. నోరు విప్పకపోతే ఆ గడ్డపార ఎటు పోతుందో కూడా అర్థమైంది.

"నేనే కోసి వేసినా తాతయ్యా."

గడ్డపార కింద పడింది. ఆయన చెయ్యి పైకి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. నా పావడా తడిసిపోయింది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి తాతయ్య పేడలో, నా ముందు, నా ఎత్తుకు కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు వేసినావు పాపా?"

"బాలింత కదా. పచ్చిమేత పెడితే మంచిదని."

"అప్పుడే అడిగినా కదా. ఎందుకు చెప్పలేదు?"

"కొడతావని."

ఈలోగా డాక్టరు ఆవు పొట్ట కోసి, గుప్పెడు పిలకలు బయటికి తీసి చూపించాడు. తాతయ్య లేచి నన్ను వెంటబెట్టుకుని పక్క తోటకు నడిచాడు. నన్ను వాళ్లకు అప్పగించేస్తాడనుకున్నాను.

మామ మంచం మీద ఉన్నాడు. చెయ్యికి చెక్క కట్టి, విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించడానికి టెంపో కోసం చూస్తున్నారు. పై పెదవి చీలిపోయింది. తాతయ్య వాకిట్లోనే నిలబడి అత్తతో చెప్పాడు.

"అమ్మా, నీ మొగుడు ఏ పాపం ఎరగడు. తప్పు మా ఇంట్లో జరిగింది. ఆయన్ని ఒక మాట అడగకుండా కొట్టినా."

నా పేరు ఎత్తలేదు. అత్త వాకిలి ఊడ్చే పొరక అందుకుంది. పతకం వచ్చిన మనిషిని, ఊరి జనం చూస్తుండగా, ముఖం మీద, మెడ మీద, చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టింది. "నీ పతకం పెట్టి ఈ చెయ్యి అతికిస్తావా?" అని అరుస్తూ కొట్టింది. ఆయన చేతులు పక్కన దించుకుని కవాతులో నిలబడ్డట్టు నిలబడ్డాడు. చెంప చీరుకుపోయి నెత్తురు వచ్చింది.

మంచం మీది నుంచి మామే అన్నాడు, "చాల్లేవే, పొరక విరిగిపోతాది."

"కేసు పెట్టండి. నేను యాడికీ పోను" అన్నాడు తాతయ్య.

"కేసు పెడితే పోలీసోళ్లు వచ్చి మా ఆవును పిండుతారా?" అంది అత్త.

వాళ్ల ఆవు మామ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ సహించేది కాదు. అత్తను కూడా తన్నేది. మరుసటి తెల్లవారి నుంచి తాతయ్య రెండు పూటలా పోయి దాన్ని పిండాడు. దూడను వదలడానికి, పట్టుకోవడానికి నేను. మొదటి వారమంతా అది ఆయన్ని తన్నింది. రెండుసార్లు బకెట్టుతో సహా వెల్లకిలా పడేసింది. మోకాలి చిప్ప మీద కోసుకుపోయిన చోట పసుపు అద్దుకుని మళ్లీ కూర్చునేవాడు. పుత్తూరు నుంచి తిరిగొచ్చాక మామ కట్టు కట్టిన చెయ్యి వేసుకుని అరుగు మీద నుంచి చూస్తుండేవాడు. "మెల్లగా పిండప్పా మిలిటరీ, అది బంకరు కాదు" అనేవాడు. తాతయ్య మారుమాట అనేవాడు కాదు. ఆవు వట్టిపోయేదాకా ఒక్క పూట కూడా మానలేదు.

కట్టు విప్పాక మామ వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "పిలకలు వేసింది నువ్వేనంట. డాక్టరు చెప్పినాడు" అన్నాడు. నేను తల దించుకున్నాను.

"భయపడొద్దులే. నువ్వు చెప్పబట్టే ఈ చెయ్యన్నా మిగిలింది" అని ఎడమ చెయ్యి చూపించాడు. ఆ తర్వాత నవ్వుతూనే, "ఒక్క గంట ముందు చెప్పింటే రెండూ ఉండేవి కదమ్మా" అన్నాడు.

తాతయ్యకు ఆ మాట వినపడింది. ఆయన పాలు పిండటం ఆపి, ఆవు డొక్కకు నుదురు ఆనించాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ మా ఇంట్లో ఎవరి మీదా ఆయన చెయ్యి పడలేదు. మామ ఆయన్ని క్షమించాడో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ అలా అనలేదు.

ఇప్పుడు నాకూ ఒక కూతురు ఉంది. నాకు కోపం త్వరగా వస్తుంది, భయం అంతకంటే త్వరగా వస్తుంది. ఏదో పగిలిన చప్పుడై, తలుపు వెనక నుంచి బిడ్డ నా ముఖం వైపు చూసినప్పుడు, నేను ముందు నేల మీద కూర్చుంటాను. నిలబడి అడిగితే బిడ్డ నోరు విప్పదు. బిడ్డ భయపడి నా దగ్గర దాచిన నిజం వల్ల పడే దెబ్బ నాకూ తగలదు, బిడ్డకూ తగలదు. పాపం, మామలా నవ్వుతూ వరసలో నిలబడిన ఎవరికో తగులుతుంది.