చిన్నదాని కాలు, చేనిలో పూత

మొన్న మోకాళ్ల నొప్పి చూపించుకుందామని గద్వాల ఆసుపత్రికి వెళ్లి, నా వంతు కోసం బల్ల మీద కూర్చుని ఉంటే, పక్కనే ఒక పడుచు తల్లి, చేతికి కట్టుతో ఉన్న పిల్లవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడుతోంది. పిల్లవాడికి ఆపరేషన్ అయి ఎంతోసేపు కాలేదని వాడి మగత కళ్లే చెబుతున్నాయి. ఆమె మాత్రం అవతలివాళ్లకు చింతపండు ఏ డబ్బాలో ఉందో, బియ్యానికి నీళ్లు ఎంత పోయాలో ఓపికగా విడమరిచి చెబుతోంది. ఆ ఫోను లాక్కుని అవతలి మనిషిని నాలుగు మాటలు అనాలనిపించింది. ఎవరో తెలియని వాళ్ల మీద నాకంత కోపం ఎందుకొచ్చిందా అని ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. అది వాళ్ల మీది కోపం కాదు, పాతది. ఇరవై ఏళ్లకు పైగా నాలోనే ఉండిపోయింది.

మాది అయిజ దగ్గర పల్లె. పదో తరగతి కాగానే పెళ్లి చేసి పంపితే, అప్పటినుంచి మా ఇంటాయన, మా అత్త, కొంచెం నల్లరేగడి చేను, ఒక బర్రె, తర్వాత ఇద్దరు పిల్లలు, ఇదే నా ప్రపంచం. పెద్దవాడు బాగానే పుట్టాడు. చిన్నది పుట్టినప్పుడు దాని ఎడమ పాదం లోపలికి తిరిగి, అరికాలు ఆకాశం వైపు చూస్తున్నట్టు ఉంది. మంత్రసాని ఏమీ మాట్లాడకుండా బిడ్డను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. మాట్లాడింది మా అత్త. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను బయట తిరిగి ఏదో కోశాననీ, అందుకే బిడ్డ కాలు మెలిపడిందనీ ఆమె ఆ పురిటి మంచం దగ్గరే తేల్చేసింది. ఆ తర్వాత ఇంటికి చుట్టం వచ్చినా, వీధిలో ఎవరు అడిగినా అదే మాట. ఆమె చెడ్డ మనిషి అని నేను అనను. మనవరాలిని ఎత్తుకుని తిరిగిందీ ఆమే, రాజోలి వైపు ఎవరో నాటువైద్యుడు ఉన్నాడంటే వెదురు బద్దలతో కట్లు కట్టించడానికి తీసుకుపోయిందీ ఆమే. కానీ ఎత్తుకుని తిరిగిన ప్రతిచోటా ఆ గ్రహణం కథ కూడా వెంట తిరిగేది.

కట్లతో కాలు చక్కబడలేదు. చిన్నది పాదం అంచు మీదే నడక నేర్చుకుంది. బడికి పోయే ఈడు వచ్చేసరికి ఆ అంచున కాయ కాచి, వానాకాలంలో పగిలి రసి కారేది. తోటి పిల్లలు ఆటకు పిలవడం మానేశారు; అది మాత్రం ఏడవకుండా గోడకానుకుని వాళ్ల ఆట చూసేది. ఆ చూపు చూడలేక, దానికి ఏడేళ్లు వచ్చిన ఏడాది, ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా, పుట్టింటికి పోతున్నానని అబద్ధమాడి, అలంపూర్ మీదుగా తుంగభద్ర దాటించి కర్నూలు తీసుకుపోయాను. అక్కడి ఎముకల డాక్టరు పెద్దాయన, కాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఆపరేషన్ చేస్తే నడక చాలావరకు బాగుపడుతుందనీ, ఎముక ముదిరేకొద్దీ ఆ ఆశ తగ్గిపోతుందనీ చెప్పి, దసరాకు ముందే వచ్చి చేరమన్నాడు.

దసరాకు ముందు అంటే మా ప్రాంతంలో ఏ కాలమో పత్తి పండించినవాళ్లకు తెలుసు. మేము వేసేది కంపెనీలకు గింజ కోసం పండించే విత్తన పత్తి. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా మర్నాడు విచ్చబోయే మొగ్గలను గోటితో వొలిచిపెట్టాలి. తెల్లవారి మగ వరుసల పువ్వులు కోసుకొచ్చి, ఒక్కో మొగ్గకూ ఆ పుప్పొడి రాయాలి. ఒక పూట తప్పితే ఆ పూట పూత అంతా పోయినట్టే. కూలీలు ఉన్నా ఇంటి ఆడమనిషి ముందుండి చేయకపోతే పని సాగదు. ఇంటికి వచ్చి నిజం చెబితే, మా ఇంటాయన బీడీ కాలుస్తూ విన్నాడు. పూత అయిపోయినంక పోదామన్నాడు.

"చేను ఆగదే," అన్నాడు చివరికి.

"కాలు గూడ ఆగదు," అన్నాను.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన తిట్టలేదు. తలుపు తీసుకుని చేనికి వెళ్లిపోయాడు. దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని నేను గుడ్డలు సర్దుకున్నాను.

ఆసుపత్రిలో చేరాను గానీ ఇల్లు నన్ను వదల్లేదు. ఆసుపత్రి ఎదురుగా టెలిఫోన్ బూత్ నడిపే ఒకామె ఉండేది. మా ఊళ్లో ఎదురింటివాళ్లకు ఫోను ఉండేది. ఈ రెండింటి మధ్యా నా సంసారమంతా తీగల మీద నడిచింది. ఫోను వచ్చిందని బూత్ ఆమె కబురు పంపితే, పిల్లను పక్క మంచం వాళ్లకు అప్పగించి, మెట్లు దిగి, రోడ్డు దాటి పరుగెత్తేదాన్ని. పిల్ల బాగుందా అని ఒక్క మాట, ఆ వెంటనే ఇంటి సంగతులు. పెద్దవాడి బడి చొక్కా ఎక్కడుంది. జొన్నలు మర పట్టించాలా, ఉన్న పిండి సరిపోతుందా. కూలోళ్లు రావడం లేదు, నువ్వైతే ఎట్లా పిలిచేదానివి. నేను ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేనొక మనిషిని ఉన్నానని ఎవరూ గుర్తించినట్టు లేదు. లేకపోయేసరికి మాత్రం ఉప్పు దగ్గర నుంచి పలుపుతాడు దాకా అన్నీ నన్నే అడుగుతున్నాయి. ఒక్కోసారి జవాబు చెప్పి వచ్చాక నాకే నవ్వొచ్చేది, ఆ నవ్వు వెంటనే కళ్లలో నీళ్లొచ్చేవి.

ఆపరేషన్ అన్న రోజు పొద్దుటి నుంచీ పిల్లకు నీళ్లు కూడా ఇవ్వకూడదన్నారు. మధ్యాహ్నం దాకా ఉంచి, అత్యవసరంగా వేరే మనిషిని తీసుకొచ్చారనీ, రేపు చేస్తామనీ చెప్పారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఆ వచ్చిన మనిషి ప్రాణాల మీదికొచ్చి ఉన్నాడు. కానీ దాహమని ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిల్లకు, రేపు మళ్లీ ఇదే పడాలని చెప్పవలసింది నేనే కదా. ఆ రోజుకని వచ్చిన మా ఇంటాయన, చేనిలో మొగ్గలు వొలిచే వేళవుతోందని కిటికీలోంచి ఎండ వైపు చూసి చూసి, రేపు మళ్లీ వస్తానని బస్సెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. వాన వచ్చేటట్టుందని, తడవకముందే మగపువ్వు కోసుకోవాలని ఆగిపోయాడట.

కాబట్టి చిన్నదాన్ని లోపలికి తీసుకుపోయేటప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. తోపుడు బండి మీద పడుకుని, అది నా కొంగు పట్టుకుని, కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఉండాలని మాట తీసుకుంది. ఉంటానన్నాను. తలుపు మూసుకున్నాక అక్కడే గోడవారన కూర్చున్నాను. చాలాసేపటికి, ఇంక వచ్చేస్తారనుకుంటున్న సమయంలో, బూత్ ఆమే స్వయంగా పైకొచ్చి, మీ ఊరి నుంచి రెండుసార్లు చేశారు, ఏదో తొందరట, అంది. పాము కుట్టిందా, మందు కొట్టేటప్పుడు ఎవరికైనా ఏమైనా అయిందా అనుకుంటూ మెట్లు దిగాను.

అవతల మా అత్త.

"నీ పాత చీర యాడ పెట్టినవే? నీ చీర కట్టుకొని పోతెగాని బర్రె పాలిచ్చెటట్టు లేదు. నన్ను కాళ్లతోని తంతుంది," అంది.

నా వాసన ఉంటే తప్ప బర్రె పాలు చేపదని నాకూ తెలుసు. చీర దండెం మీదుందని ఎలా చెప్పానో తెలియదు. పరుగున వచ్చేసరికి చిన్నదాన్ని బయటికి తెచ్చి మంచం మీద వేసేశారు. తొడ నుంచి వేళ్ల దాకా తెల్లటి పిండికట్టు. కళ్లు తెరిచి అమ్మా అని పిలిచిందట, ఎవరూ పలకకపోయేసరికి మొహం గోడవైపు తిప్పుకుందట. పక్క మంచం ఆమె చెప్పింది. నేను చేయి వేస్తే పిల్ల తోసేసింది.

ఆ సాయంత్రం నేనే ఊరికి ఫోను చేసి మా ఇంటాయనను పిలిపించాను. "ఇంట్ల ఏది యాడుందో మీరే దేవులాడుకోండ్రి. ఇంగ మీద ఫోను చేస్తే పిల్ల ఎట్లుందని అడిగెతందుకే చెయ్యండ్రి, లేకపోతే చెయ్యొద్దు," అన్నాను. అవతల ఆయన ఊపిరి వినబడిందే తప్ప మాట లేదు. నేనే పెట్టేశాను.

ఆ తర్వాత ఫోను రాలేదు. రాకపోతే హాయిగా ఉండాలి కదా, ఉండలేదు. కోపమొచ్చిందా, చేను పోయిందా అని కుమిలిపోయాను. కొన్నాళ్లకు ఒక ఉదయం మా అత్త జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూటకట్టుకుని దిగింది. వచ్చీ రాగానే మనవరాలి పక్కన కూర్చుని, పూత విరగబూసిందనీ, కొడుకు ఒక్కడూ సతమతమవుతున్నాడనీ, రెండు రోజులు పోయి రమ్మనీ, తాను ఉంటాననీ చెప్పింది. సాయానికి వచ్చిందనుకున్న మనిషి, నన్ను చేనికి పంపడానికి వచ్చిందని తెలిసి ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. ఆ చేను మాది కాకుండా పోదు కదా. ఇంట్లో అన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి; పెద్దవాడు మాడిన అన్నం నేర్పుగా పైపైన తీసుకుని తింటున్నాడు. రెండు రోజులూ చేతులు మొగ్గల మీద, ప్రాణం కర్నూలులో. మా ఇంటాయన నా పక్క వరుసలోనే పనిచేస్తూ, పిల్ల నడుస్తదా అని ఒకే ఒకసారి అడిగాడు. నడుస్తుందన్నానే గానీ నాకు మాత్రం ఏం తెలుసు.

తిరిగి ఆసుపత్రికి వచ్చేసరికి మా అత్త చుట్టూ నలుగురు ఆడవాళ్లు చేరి ఉన్నారు. గ్రహణం కథ నడుస్తోంది. చిన్నది మంచం మీద పడుకుని, కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. దానికి ఊహ తెలిశాక దాని ముందు ఆ కథ అంత వివరంగా ఎప్పుడూ రాలేదు. నన్ను చూడగానే అడిగింది.

"అమ్మా, గ్రహణం నాడు నువ్వు ఏం కోసినవ్?"

అందరూ నా వైపు చూశారు. అన్నేళ్లూ మింగిన మాట గొంతులోకి వచ్చింది.

"ఏం కొయ్యలే బిడ్డా. ఆ దినం చేన్ల కలుపు తీస్తున్న. కూలోళ్లు గ్రహణమని రాకపోతే, కడుపుతోని ఉన్న నన్ను పొమ్మన్నరు. నువ్వు ఇంట్ల పండుకో అని ఎవ్వరూ అనలే."

గొంతు పెంచలేదు. పొమ్మన్నది ఎవరో చెప్పలేదు. మా అత్త ఒళ్లో ఉన్న రొట్టెల మూటను విప్పి మళ్లీ కట్టింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లారు. ఆమె ఆ సాయంత్రం బస్సుకు ఊరికి పోయింది. బతికినంతకాలం ఆమె నోట మళ్లీ గ్రహణం మాట రాలేదు. నా ఎదుట క్షమించమన్న మాటా రాలేదు. నేను ఎదురుచూశాను, అబద్ధమెందుకు.

పిండికట్టు మార్చి మార్చి చివరికి తీసేసరికి పత్తి ఏరడం కూడా అయిపోయింది. సన్నబడిన కాలు, తెల్లబారిన చర్మం, కానీ పాదం నేల మీద పూర్తిగా ఆనింది. తడి కాలితో గచ్చు మీద నడిస్తే మడమ, వేళ్లు అన్నీ పడ్డ అచ్చును మా ఇంటాయన వంగి చూసి, అది ఆరిపోయేదాకా ఎవరినీ తొక్కనివ్వలేదు. ఆ సాయంత్రం ఫోనులో నేనన్న మాటకు ఆయన ఇచ్చిన జవాబు అదేనేమో. అప్పుడు మాత్రం నేను సంతోషపడుతూనే, ఆ రోజు రాకపోతివి కదా అని లోపల అనుకున్నాను.

ఇప్పుడు చిన్నది నాగర్‌కర్నూలు వైపు ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శి. పొద్దున్నే వాడలన్నీ తిరుగుతుంది. ఎడమ చెప్పు కొంచెం చిన్నది కావాలి, అంతే. మొన్న ఆసుపత్రిలో చూసినదంతా ఫోనులో చెప్పి, ఆ రోజుల కోపమంతా వెళ్లగక్కాను. అది విని విని నవ్వింది.

"నాకైతే ఆ దినాలే మంచిగుండె అమ్మా. నువ్వు దినమంతా నా కాడ్నే ఉంటివి. చేనికి పోతనని అనకపోతివి. అట్ల మళ్ల ఎప్పుడుంటివి?" అంది.

నేను లేని మధ్యాహ్నం, గోడ వైపు తిరిగిన ముఖం, రెండు రోజుల చేను, ఏదీ దానికి జ్ఞాపకం లేదట. పక్క మంచం వాళ్లిచ్చిన సీతాఫలం, నేను జడ వేసి మళ్లీ విప్పి మళ్లీ వేసిన సంగతి మాత్రం ఉన్నాయట.

ఇప్పుడు రోడ్లు వచ్చాయి, దగ్గరలోనే డాక్టర్లు వచ్చారు, పుట్టిన వారంలోనే అలాంటి పాదానికి కట్లు వేసి చక్కబరుస్తున్నారు. అంత దూరం ఎవరూ పోనక్కర్లేదు, అన్నాళ్లు ఎవరూ ఉండనక్కర్లేదు. నిందించినామె లేదు, రాకపోయినాయన లేడు, చేను కౌలుకిచ్చేశాం. ఎవరి మీద కోపం పెట్టుకుని ఇన్నేళ్లు మోశానో వాళ్లెవరూ వినడానికి మిగల్లేదు. మిగిలిన ఒక్కతేమో ఆ రోజులే కావాలంటోంది. పిల్ల పక్కన పనిలేకుండా కూర్చోవడానికి, నేను దాని కాలు కోయించవలసి వచ్చింది.