నేను గెలవబోయిన పరుగు పందెం

ఒక్క గెంతుతో ఓ పందేన్నీ, నా పరువునూ, మా ఇంటి ప్రశాంతతనూ కలిపి ముంచిన ఘనత నాది. జాలిపడే పని పెట్టుకోకండి, హాయిగా నవ్వుకోండి.

అప్పటికి గిర్మిటు మీద, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందం మీద, ఫిజీ వచ్చి రెండేళ్లు. లంబాసా దగ్గర చెరుకు తోటలో పని. కూలి లైన్లలో నాకూ, నా భార్య సన్యాసమ్మకూ ఒక గది. నేను కాళ్లు చాపితే ఆవిడ ముడుచుకోవాలి, అంత గది. ఆవిడ చెల్లెలు పైడితల్లి మాతోనే ఓడ దిగినా, ఆ పిల్లను వాయినికోరో తోటకు పంపేశారు. తనకు కొడుకు పుట్టాడని కబురొచ్చింది. వెళ్లి చూడాలంటే పాసు కావాలి. పాసు లేకుండా పొలిమేర దాటితే కోర్టుకు ఈడుస్తారు.

సరిగ్గా అప్పుడే కులంబరు, అంటే మా మీద అజమాయిషీ చేసే తెల్లదొర, పందెం ప్రకటించాడు. లైన్ల దగ్గర బయలుదేరి, చెరుకు మళ్ల మధ్య బండిబాటన పోయి, వాగు దాటి, గుట్ట చుట్టి రావాలి. గెలిచినవాడికీ, వాడి ఇంటి మనిషి ఒకరికీ మూడు రోజుల పాసు.

"నువ్వు గెలవాల," అంది సన్యాసమ్మ.

"నానెప్పుడు పరిగెట్టినాను?"

"మా నాన కనిపించినప్పుడల్లా పెరటి దోవన పరిగెట్టేవోడివి కావా."

నా తర్ఫీదు బాధ్యత పక్కగది నర్సయ్య మామ తీసుకున్నాడు. నలభై దాటిన ఒంటరి మనిషి. "పరుగంటే కాళ్లు కాదురా అప్పలసామీ, ఊపిరి," అనేవాడు, చుట్ట పొగ నా మొహం మీదకే వదులుతూ. "ఆదివారం పొద్దున్నే ఎల్లి దోవ సూసుకుని రా."

వెళ్లాను. గుట్ట మా పొలిమేరకు అవతల ఉందన్న సంగతి గురువుకూ తట్టలేదు, శిష్యుడికీ తట్టలేదు. కులంబరుకు తట్టింది. గుట్ట దిగుతుంటే వెనక గుర్రం డెక్కల చప్పుడు. "రుకో" అని ఒక కేక. ఆగడానికి నేనేమైనా పిచ్చివాణ్ణా? బాణంలా వచ్చి చెరుకులో దూరి, గుర్రం వెళ్లిపోయేదాకా బోర్లా పడుకున్నాను.

"ఎలా పరిగెట్టినావురా?" అని అడిగాడు మామ.

"గుర్రానికి అందకుండా, మామా."

"మరి నేర్పినోడు ఎవుడు," అని మీసం దువ్వుకున్నాడు.

పందెం రోజు ఇరవై మందిమి బయలుదేరాం. వెనకనుంచి సలహాలు అరవడానికి నర్సయ్య మామ కూడా చేరాడు. వాగు దాటాను, గుట్ట చుట్టాను, అందరికన్నా ముందున్నాను. లైన్ల కప్పులు కనిపిస్తున్నాయి. మనసులో సన్యాసమ్మకు పాసు అందిస్తున్నాను కూడా.

అంతలో వెనక డెక్కల చప్పుడు.

కులంబరే. నా పరుగు చూసి ముచ్చటపడి, గుర్రం మీద వెంట వస్తూ "దౌడో, దౌడో" అని ఉత్సాహపరుస్తున్నాడట. పరిగెత్తమనే దాని అర్థం, నాకూ తెలుసు. కానీ నా కాళ్లకు హిందీ రాదు. డెక్కలు వినగానే అవి నన్ను తీసుకెళ్లి చెరుకులో పడేశాయి.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. నా వెనకవాడు చూసి, "అప్పలసామి అడ్డదోవ కనిపెట్టినాడ్రోయ్," అన్నాడు. వాడూ దూరాడు. వాడి వెనక మిగతావాళ్లూ దూరారు. వెనక చెరుకు విరుగుతున్న చప్పుడు విని, తోట తోటంతా నన్ను పట్టుకోవడానికే వస్తోందనుకుని నేను ఇంకా లోపలికి పోయాను. నేను పోయినకొద్దీ వాళ్లూ వచ్చారు. తల ఎత్తితే ఆకాశం కనిపించని ముదురు చెరుకు అది.

ఒళ్లంతా గీసుకుపోయి, ఒక సైన్యాన్ని వెంటేసుకుని ఎలాగో బయటపడి లైన్లకు చేరేసరికి కులంబరు పాసు రాస్తున్నాడు. ఎదురుగా నర్సయ్య మామ. బండిబాట వదలకుండా నడిచి వచ్చినవాడు ఆయన ఒక్కడే మరి.

"నీ ఇంటి మనిషి ఎవరు?" అని కులంబరు హిందీలో అడిగాడు.

 మామ సన్యాసమ్మను చూపించి, "నా కూతురు దొరా," అన్నాడు.

"దీని మొగుడో?"

"ఆడా దొరా? ఆడికి పందెం ఇంకా అవనేదు."

మూడు రోజులు నా పప్పు నేనే మాడ్చుకుని తిన్నాను. నాలుగో రోజు సన్యాసమ్మ కళకళలాడుతూ తిరిగొచ్చింది. "పిల్లోడికి ఇంకా పాకడం రానేదు గానీ, నీకన్నా తిన్నగా ఎల్లేలాగున్నాడు," అంది. అంతవరకూ మర్యాదకు మామా అని పిలిచిన మనిషి ఆనాటినుంచి నిజంగానే మామగారి హోదా చలాయించి, రోజూ నా కంచం ముందు తానే కూర్చునేవాడు.

అందుకే ఆనాడే సన్యాసమ్మ ఎదుట శపథం చేశాను: ఈ జన్మలో మళ్లీ పరిగెత్తను, పులి తరిమినా సరే, నడిచే పోతాను. ఫిజీలో పులులు లేవని కనుక్కున్నాకే చేశాననుకోండి.