నెట్ ఎక్కదన్న కంప్యూటర్

ఫొటో తీసేటప్పుడు ఎవరినీ నవ్వమని అడగని స్టూడియో ఆ వీధిలో ఆయనదొక్కటే. "నవ్వొద్దు, మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి" అనేవాడు. దాంతో అసలు పేరు ఎటో పోయి, చిన్నాపెద్దా అందరికీ 'నవ్వొద్దుగారు' అయిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక అక్కే పెంచింది. నా అన్నవాళ్లంటే ఆ అక్క, బావ.

ఆయన పని నేర్చుకున్నది ఫిల్ములు కడిగే చీకటిగదిలో. లోపల మనిషి ఉంటే తలుపు తీయకూడదు. తీస్తే వెలుతురు పడి బొమ్మంతా పాడైపోతుంది. ఫిల్ముల కాలం పోయి, చీకటిగది సామాన్ల గది అయిపోయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. పనిచేసుకుంటున్న మనిషి వెనక నిలబడి తొంగిచూడటం ఆయన లెక్కలో దొంగతనంతో సమానం. బావ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా తలుపు దగ్గరగా వేసి, తను వీధి అరుగు మీదికి వెళ్లిపోయేవాడు.

ఆ కంప్యూటర్ బావ పెట్టిందే. పాతదే అయినా, విండోస్ బదులు లినక్స్ వేసి మొరాయించకుండా నడిచేట్టు చేశాడు. అప్పట్లో ఇద్దరూ ఈ స్టూడియోలోనే కలిసి పనిచేసేవారు. తర్వాత బావ పక్క వీధిలో సొంత ఫొటో షాపు తెరిచాడు. తెరిచిన రోజు నవ్వొద్దుగారు తన దగ్గరున్న మంచి లైట్లు తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

ప్రింట్లు వేసేవాళ్లు ఫొటోలు నెట్‌లోనే పంపమనడంతో ఆయన సిమ్ వేసి కంప్యూటర్‌కి గుచ్చే యూఎస్‌బీ మోడెం ఒకటి కొన్నాడు. బావ వచ్చాడు. తలుపు మూతపడింది. చాలాసేపటికి బయటికొచ్చి, "లినక్స్‌కి ఇది పడదురా. గుచ్చితే సీడీ అనుకుంటోంది. ఇంకేం కెలక్కు, ఉన్న ఫొటోలు కూడా పోతాయి. నా షాపుకి తెచ్చెయ్, నేను పంపిస్తాలే" అన్నాడు.

అప్పటినుంచి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఆ షాపు చుట్టూ తిరగడమే అయింది. ప్రింట్లూ అక్కడికే వచ్చేవి. అవి తీసుకోవడానికి వెళ్లినవాళ్లు మరోసారికి అక్కడే ఫొటో దిగేవారు. ఇంటి మనిషేగా అని ఆయన పట్టించుకోలేదు. చివరికి చేతిలో మిగిలింది స్కూలు పని ఒక్కటే. ఏటా తరగతులన్నిటికీ తీసే ఆ ఫొటోలే స్టూడియోని నిలబెడుతున్నాయి.

ఒకరోజు ఆ స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచరమ్మ మొహమాటపడుతూ వచ్చింది.

"ఈ ఏడు పని మీ బావగారికి ఇచ్చేశారండి. ఫొటోలు మెయిల్లో కూడా కావాలన్నారు. మీ కంప్యూటర్‌కి నెట్ ఎక్కదటగా."

"ఎవరన్నారు?"

"ఆయనేనండి. హెడ్‌మాస్టరుగారితో."

"నిజమేనమ్మా. లినక్స్‌కి మోడెం పడదు."

"మా స్కూల్లో అన్నీ లినక్సేనండి. ఏదీ, ఇలా ఇవ్వండి."

డ్రాయరు అడుగునుంచి మోడెం తీసి ఇచ్చి, అలవాటు కొద్దీ బయటికి నడవబోయాడు. "ఎక్కడికండీ? రేపటినుంచి చేసుకోవాల్సింది మీరు. చూడండి" అని ఆపింది ఆమె.

గుచ్చగానే తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. "విండోస్ వాళ్లకోసం పెట్టిన ప్రోగ్రాం ఇది. ముందు ఇదే అడ్డంగా కూర్చుంటుంది. దీన్ని బయటికి పంపేస్తే మోడెం కనబడుతుంది" అంటూ మౌస్ కుడి బటన్ నొక్కి, 'ఎజెక్ట్' అన్నచోట నొక్కింది. బొమ్మ మాయమైంది. కాసేపటికి మోడెం మీద లైటు రంగు మారింది. ఆమె నెట్‌వర్క్ గుర్తు తెరిచి ఆగిపోయింది.

"ఇదివరకే పెట్టేశారుగా ఎవరో. సిమ్ కంపెనీ, ప్లాను, అన్నీ నింపేసి ఉన్నాయి. ఒకసారి కనెక్ట్ కూడా అయింది. తనంతట తాను కలవకుండా టిక్కు తీసేశారంతే."

ఆ కంప్యూటర్ మీద ఆయన కాక చెయ్యి వేసింది బావ ఒక్కడే.

నెట్ కలిసింది. "చూశారా, ఇంతేనండి" అంది టీచరమ్మ సంబరంగా. ఆయన తల ఊపాడు.

ఆమె వెళ్లాక అక్కకి ఫోన్ చేశాడు. సంగతి చెవిన వేస్తే తన తరఫున అక్కే బావని నాలుగు దులుపుతుందని ఆశ.

"అక్కా, మోడెం పనిచేస్తోంది."

"ఎవరు చూశార్రా?" అంది మెల్లిగా.

"నీకు తెలుసా అక్కా?"

"వద్దనే అన్నాను మొదట్లో. ఏం చెయ్యను, కొత్త షాపు, ఎదుగుతున్న పిల్లలు. నువ్వు ఒక్కడివి. నీకు ఏపాటి కావాలి చెప్పు? ఆకలేస్తే మా ఇల్లు లేదూ?"

"ఉందిలే" అని పెట్టేశాడు.

సాయంత్రం బావ వచ్చాడు. గుమ్మంలోంచే, "పనిచేసిందటగా. ఓపిగ్గా చూస్తే పనిచేస్తుందని నేను అనుకుంటూనే ఉన్నాను. ఈ మిషన్లు ఒక్కోసారి అంతేరా" అన్నాడు.

నవ్వొద్దుగారు పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నాడు. "అంతే బావా" అన్నాడు.

ఎప్పుడూ బావ రాగానే తనే లేచి కుర్చీ జరిపి కూర్చోబెట్టేవాడు. ఆ రోజు లేవలేదు. బావ స్కూలు సంగతి తప్ప అవీ ఇవీ నిలబడే మాట్లాడి, కాసేపటికి వెళ్లిపోయాడు.