మారోతి కుట్టిన క్రిస్మస్ కాలర్లు

మా నాందేడ్ సంఘంలో మారోతి అని హనుమంతుడి పేరుగల క్రైస్తవుడు ఒక్కడే ఉండేవాడు. వజీరాబాద్‌ పేటలో దర్జీ. బాప్తిస్మం ఇస్తూ అయ్యగారు "ఇప్పటినుంచి నువ్వు మత్తయివి" అంటే, మొలలోతు నీళ్ళలో నిలబడే, "దుకాణం బోర్డు మీద మారోతి అని రాయించి నెల గూడ కాలె అయ్యగారూ, గిట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడట. యేసయ్యకు ఆ పేరుతో ఇబ్బంది ఏమీ కలిగినట్టు లేదు.

మాది చిన్న సంఘం. రైల్వేలో, బట్టల మిల్లులో, దవాఖానలో పనిచేసే అరవై కుటుంబాలు. పొద్దున తెలుగు ఆరాధన, ఎండెక్కాక మరాఠీ ఆరాధన. క్రిస్మస్ కొత్తబట్టలు మాత్రం రెండు భాషలవాళ్ళవీ మారోతి కుట్టుమిషను మీదే తయారయ్యేవి.

ఏటా నవంబరులో పేదవాళ్ళ కోసమని విదేశాల నుంచి పాతబట్టల మూట ఒకటి రైల్లో దిగేది. 1966లో మూటనిండా ఉన్ని కోట్లే, మంచుదేశాల దొరలవి. ఎంత పెద్దవంటే, ఒక కోటు ఎండలో ఆరేస్తే మా పక్కింటి దున్నపోతు ఎడమచేతిలో దూరి కుడిచేతిలోంచి బయటికొచ్చింది. ఇంకో కోటు జేబులో కోడి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలతో సహా నడిచిపోయింది. ఇంతవరకు కొంచెం సాగదీశాను. ఇక మీద చెప్పేదంతా జరిగింది జరిగినట్టే.

ఆ బట్టల్ని క్రిస్మస్ ముందు ఆదివారం పంచేవాళ్ళం. వేదిక మీద బల్ల, బల్ల మీద బట్టలు, మైకు ముందు జాబితా పట్టుకుని నేను. అప్పట్లో సంఘ కార్యదర్శిని. కాన్వెంటులో చదివినవాడు, గొంతు ఖంగుమంటుంది అని ఆ పని నాకు అప్పగించారు. పేరు పిలవగానే ఆ మనిషి అందరి ముందూ నడిచొచ్చి, రెండు చేతులూ చాపి తీసుకుని, సంఘపెద్దకు వందనం చెప్పి, అందరం కొట్టే చప్పట్ల మధ్య వెళ్ళాలి. సాయం చేస్తున్నామని మాకు ఎంత సంతోషమో! తీసుకునే మనిషికి ఎలా ఉంటుందో అడగాలని ఒక్కరికీ తోచలేదు.

ఆ ఏడు కాశీబాయి పేరు పిలిచాను. భర్త పోయాక ఆమె పత్తి జిన్నింగు మిల్లులో కూలికి వెళ్ళేది. కూతురు మంగళకు పన్నెండేళ్ళు, ఆరో తరగతి. వాళ్ళకు పచ్చగళ్ళ కోటు వచ్చింది. జనవరి చలికి మంగళ అది తొడుక్కుని బడికి వెళితే, "మిషన్‌చా కోట్! మిషన్‌చా కోట్!" అని, మిషనువాళ్ళు దానమిచ్చిన కోటని పిల్లలు వెంటపడ్డారు. ఆ పాట మొదలుపెట్టింది ఎవరో కాదు, మా సండే స్కూలు పిల్లలే. జాబితా విన్నది వాళ్ళే కదా. వారం తిరగకుండా కాశీబాయి ఆ కోటును నీటుగా మడతపెట్టి, చర్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మంగళ బడి మానేసి తల్లితో పాటు జిన్నింగుకు పోసాగింది.

ఆ సంగతి మారోతికి ఏడాది పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది. తానే బడికి వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌ను బతిమాలాడు. "జనవరి మొదటివారంలోగా వస్తే మళ్ళీ ఆరో తరగతిలో కూర్చోబెడతాను. తర్వాత నా చేతిలో లేదు" అని ఆవిడ మాటిచ్చింది. ఆ మాట పట్టుకుని కాశీబాయి దగ్గరికి వెళితే, "బిడ్డ పోనంటంది అన్నా. పోతె మళ్ల గదే పాట పాడుతరు" అంది.

నవంబరులో కొత్త మూట దిగింది. కమిటీ కూర్చుంది. సంఘపెద్ద శంకర్రావు దవాఖానలో కంపౌండరు, మాట గట్టివాడు.

"ఈసారి పేర్లు చదువుడు బంద్ చేయుండ్రి" అన్నాడు మారోతి.

"చదవకపోతె సంఘం ఇంత చేసిందని ఎవరికి తెల్వాలె?"

"దేవునికి తెల్వదా?"

"దేవునికి తెలుస్తది. పై కమిటీకి రిపోర్టు నేను పంపాలె గద!"

అందరం నవ్వాం. మారోతి నవ్వలేదు. "అట్లయితె మూట నాకియ్యుండ్రి. పోయినేటి కోట్లు గూడ ఎవరూ తొడుగుత లేరు. అన్నీ విప్పి పిల్లలకు కుడుత. కూలి అద్దు" అన్నాడు. కోట్ల బెడద తీరింది కదా అని ఒప్పుకున్నాం.

పాత ఉన్ని కోటు పైన ఎంత వెలిసినా లోపలివైపు కొత్తగానే ఉంటుంది. కుట్లు విప్పి, ఉతికి, బట్ట తిరగేసి కుడితే దుకాణంలో కొన్నట్టే. కుట్లు విప్పుతూ మారోతి భార్య లీలాబాయి, "ఎంత తిరగేసినా మూటబట్ట మూటబట్టే. పోరలకు కండ్లు లేవా? మంగళను చూడంగనే గుర్తుపడుతరు" అంది.

"ఒక్క మంగళనే ఎందుకు గుర్తుపట్టాలె?" అంటూ మళ్ళీ కత్తెర అందుకున్నాడు మారోతి.

డిసెంబరు వచ్చింది. అందరం కొత్తబట్టలు కుట్టడానికిచ్చాం. సోమవారమన్నాడు, బుధవారమన్నాడు, దారం అయిపోయిందన్నాడు. దర్జీ ఆలస్యం ఎవరికి కొత్త? ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నం అందరి బట్టలూ ఒక్కసారే ఇచ్చాడు. నా తెల్లచొక్కాకు నీలం ఉన్ని జేబు. అయ్యగారి కొడుకు చొక్కాకు ఇటుకరంగు ఉన్ని పట్టీ. సంఘంలో ఆడపిల్లల గౌన్లన్నిటికీ పచ్చగళ్ళ కాలరు. కాశీబాయి తిరిగిచ్చిన ఆ ఒక్క కోటే ఇరవైరెండు కాలర్లయింది.

గంటలో దుకాణం ముందు జనం. అందరికంటే ముందు శంకర్రావు, చేతిలో కూతురు ఇందు గౌను.

"ఏందిది మారోతీ? గులాబీరంగు సాటిన్ తెచ్చిస్తె మూటబట్ట కాలరేస్తవా?"

"మెడకు వెచ్చగుంటది శంకర్రావన్నా."

"రేపు నా బిడ్డను చూసి నవ్వాల్నా అందరు?"

"ఎవరు నవ్వుతరు? అందరి మెడలకు గదే ఉన్నది."

"పరాష్కాలు చాలు. ఇప్పుడే విప్పు."

మారోతి బ్లేడు తీసి అతని చేతిలో పెట్టాడు. "నువ్వే విప్పన్నా. పోయినేడు గీ కోటే కాశీబాయి బిడ్డకు నీ చేతులతోని ఇచ్చినవ్. అప్పుడు మంచిగనే కనవడ్డది. ఆ పోరి ఒంటి నిండ తొడిగితె తప్పు లేదుగని, నీ బిడ్డకు రెండు వేళ్ళంత కాలరు బరువైతదా?"

శంకర్రావు బ్లేడు పట్టుకుని నిలబడ్డాడు. వెనక మేం పదిమందిమి ఎవరి బట్టలు వాళ్ళం పట్టుకుని నిలబడ్డాం. శంకర్రావు బ్లేడు మిషను మీద పెట్టి, గౌను మడిచి, సైకిలెక్కాడు. రేపు ఏం చేస్తాడో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ సాయంత్రమే మారోతి, మంగళ కోసం అదే కాలరు వేసి కుట్టిన గౌను పట్టుకుని కాశీబాయి గడపలో కూర్చున్నాడు. "పోయినేడు నీ పేరు పిలిచినప్పుడు నేను గూడ చప్పట్లు కొట్టిన చెల్లె. తప్పయింది. రేపు అందరు గిదే కాలరుతోని అస్తరు."

"మస్తు చెప్తవన్నా. ముందుగాల వాళ్ళను తొడుక్కొని రానీ" అంది కాశీబాయి.

క్రిస్మస్ పొద్దున ఆమె వచ్చింది. లోపలికి కాదు, చర్చి గేటు ఎదురుగా రోడ్డు అవతలికి. మంగళ పాతబట్టల్లోనే ఉంది, గౌను సంచిలో ఉంది. అయ్యగారి పిల్లలు కొత్తవే తొడుక్కుని వచ్చారు. రెండు కుటుంబాలు మూతి ముడుచుకుని నిరుటి బట్టల్లో వచ్చాయి. కాశీబాయి సంచి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరగబోయింది. అప్పుడు శంకర్రావు సైకిలు వచ్చింది. వెనక క్యారియరు మీద ఇందు, గులాబీ గౌను, పచ్చగళ్ళ కాలరు.

శంకర్రావు సైకిలు గోడకు ఆనించి, రోడ్డు దాటి, కాశీబాయి ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. "వందనాలు కాశీబాయి. ఆరాధనకు టైం అయితంది, రాండ్రి." సంఘపెద్ద ముందుగా వందనం చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి.

మంగళ అయ్యగారింట్లో గౌను మార్చుకుని వచ్చి ఇందు పక్కన కూర్చుంది. అన్ని పచ్చగళ్ళ కాలర్లలో ఆమెది ఏదో వెతికి పట్టుకోవడం నావల్ల కాలేదు.

ఆ తర్వాత మా చర్చిలో జాబితా చదవలేదు. ఆ మాట కమిటీలో పెట్టింది శంకర్రావే. 1972 కరువులో సంఘం జొన్నలు ఇచ్చినప్పుడు, మా చర్చివాళ్ళా కాదా అని అడక్కుండా, తన సైకిలు మీదే గడపగడపకూ చేరవేశాడు. పేరు పలకలేదు, ఫోటో దిగలేదు. నాకు తెలిసిన పెద్ద పెద్ద సంఘాలు చాలా ఉన్నాయి. ఈ విషయంలో మాత్రం మా అరవై కుటుంబాలను చూసి ఛాతీ విరుచుకుంటాను.

ఇక ఆ క్రిస్మస్ వెళ్ళాక వచ్చిన జనవరి మూడో తేదీ. మారోతీ నేనూ బడి ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. మంగళ, ఇందు ఆ గౌన్లలోనే వచ్చారు. గేటు దగ్గర కొందరు పిల్లలు కాలర్లు చూసి "హే కాయ్?" అంటూ, ఇదేంటని చుట్టుముట్టారు. మంగళ తల వంచుకుంది. ఇందు మాత్రం మెడ ఇంకాస్త నిక్కించి, "మా చర్చిల అందరికీ ఉన్నది. మీకు లేదా?" అంది.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మంగళ తలెత్తి, పుస్తకాల సంచి భుజానికి సర్దుకుని, ఆరో తరగతి గదిలోకి నడిచివెళ్ళింది.

మారోతి ఆ గది తలుపు వైపే చూస్తూ చాయ్ తాగడం మరిచిపోయాడు. చల్లారిపోతుందని అది కూడా నేనే తాగేశాను.