లేని ఇంటికి పైపులు

ఆ రోజుల్లో నా మొహం చూసి నన్ను ‘మీరు’ అన్నవాళ్లు లేరు. ఉద్యోగం చేస్తున్నానని చెప్పినా బస్సులో కండక్టరు స్టూడెంట్ పాసే అడిగేవాడు. బ్యాంకుకు వెళితే కౌంటర్లో ఆయన ‘మీ బాపును తోలుకరాపో అమ్మా’ అనేవాడు. అప్పటికే నేను ఒక ఆఫీసులో కొన్నేళ్లుగా కంప్యూటర్ మీద ఇళ్లకూ ఆసుపత్రులకూ నీళ్ల పైపులు, మురుగు పైపులు, కరెంటు తీగలు, ఏసీ గొట్టాలు ఎక్కడెక్కడ వెళ్లాలో గీస్తున్నాను. (అద్దాల మేడలు గీసేవాళ్లను అందరూ మెచ్చుకుంటారు. వాటి లోపల మురుగు ఎటు పోవాలో గీసేవాళ్లను పైపు పగిలిన రోజున తలుచుకుంటారు.) ఆ అనుభవం చూసే కాబోలు, ఇదే పని నేర్చుకుంటున్న పిల్లలను పరీక్షించి, పనికొస్తారో లేదో తేల్చే ఎగ్జామినర్‌గా నన్ను ఒక సంస్థవాళ్లు ఎంపిక చేశారు. హైదరాబాదు కార్వాన్‌లో మా ఇంట్లో ఆ వార్త విని మా అమ్మ, “నువ్వు పరీక్ష రాస్తవా, పెడ్తవా?” అని రెండుసార్లు అడిగింది. పెడతానని రెండుసార్లూ గట్టిగానే చెప్పాను.

నా మొదటి పరీక్ష మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక ఒక మేడ మీది ట్రైనింగ్ సెంటర్లో. ఆటో దిగి, దుమ్ముకు చున్నీ మొహానికి చుట్టుకుని, వీపున బ్యాగుతో మెట్లెక్కాను. దారిలో ట్రాఫిక్ వల్ల కాస్త ఆలస్యమైంది కూడా. గుమ్మంలోనే సెంటర్ ఇన్‌ఛార్జి సారు ఎదురయ్యారు. “అసెస్‌మెంట్‌కు వచ్చిన సార్” అన్నాను వినయంగా. ఆలోచిస్తే తప్పంతా ఆ వాక్యంలోనే ఉంది. ఆ రోజు ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ అసెస్‌మెంట్‌కు వచ్చినవాళ్లే. “ఇంత లేటా బిడ్డా? ఫోన్ గీ బుట్టల వెయ్. పో, ఆఖరు సిస్టం ఖాళీగుంది, కూసో. జల్ది!” అన్నారాయన.

మరి నేను నోరు తెరిచి చెప్పొద్దా? చెప్పేదాన్నే. కానీ ఎగ్జామినర్లకు ఇచ్చిన శిక్షణలో, ముందుగా కంప్యూటర్లు సరిగా ఉన్నాయో లేదో మీరే కూర్చుని చూసుకోవాలని మాకు చెప్పారు. ఇన్‌ఛార్జి సారు ఎంత పద్ధతైన మనిషి, అడగకముందే ఏర్పాటు చేశారే అనుకున్నాను. ‘బిడ్డా’ అన్నది పాతబస్తీ ఆప్యాయత కింద జమ కట్టేశాను. ఫోన్ బుట్టలో వేయడం మాత్రం కొంచెం వింతగా తోచింది. సరే, ఎగ్జామినర్లకు కూడా నియమాలు ఉంటాయి కాబోలు అని వెళ్లి కూర్చున్నాను. తెర మీద రెండంతస్తుల ఇంటి ప్లాను ఉంది. దానికి నీళ్లు, మురుగు, కరెంటు లైన్లు గీయాలి. పక్క సీటులో పొడుగు జడ అమ్మాయి నా వైపు జాలిగా చూసి, “కొత్తగ జాయినైనవా అక్కా? ఫికర్ జెయ్యకు. ఎగ్జామినర్లు మస్తు స్ట్రిక్టంట. తెల్వకున్నా తెలిసినట్టే మొఖం పెట్టు” అని గుసగుసలాడింది. నేను అప్పటికే అదే పనిలో ఉన్నాను. ఆ అమ్మాయి తల్లి కింద మార్కెట్లోనే కూరగాయలు అమ్ముతుందట. ఇవాళ పాసైతే ఒక ఆఫీసులో డ్రాయింగ్ పని ఖాయమట. “ఫెయిలైతే మాత్రం మా అమ్మ పక్కన టమాటల ముందట కూసునుడే” అంది.

ఇంతలో గుమ్మం దగ్గర హడావుడి. తెల్లటి బట్టల్లో, నుదుట నిలువు బొట్టుతో ఒక పెద్దాయన వచ్చాడు. “మీ తాన సార్లు ఎట్ల చెప్తున్నరో జర సూసిపోదామని వచ్చిన” అన్నాడు. అంతే, ఇన్‌ఛార్జి సారు ఎదురెళ్లి, ఫ్యాన్ కింద మెత్తటి కుర్చీ వేసి, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, “ఎగ్జామినర్ సారొచ్చిన్రు, సప్పుడు జెయ్యొద్దు” అని అందరికీ ప్రకటించారు. ఇద్దర్ని పంపారా? ఆయన నా మీద పెద్ద ఎగ్జామినరా? నన్ను పరీక్షించడానికి వచ్చాడా? ఇన్ని ప్రశ్నలు తలలో తిరుగుతుంటే చెయ్యి మాత్రం పైపులు గీస్తూనే ఉంది. “గా గోడ పొంటి తీస్కపో అక్కా, దగ్గరైతది” అని పక్క సీటు అమ్మాయి చెబితే, పై అంతస్తు బాత్రూం మురుగును ఆ గోడ పక్కగానే దించేశాను.

ఆ పెద్దాయన అసలు ఎవరో తర్వాత తెలిసింది. లాడ్ బజార్లో గాజుల దుకాణం ఉన్న సేఠు. అక్కడ పాఠాలు చెప్పే కుర్ర సారును తన కూతురికి సంబంధంగా అనుకుంటున్నాడు. అబ్బాయి ఎలాంటివాడో పని దగ్గరే చూద్దామని చెప్పకుండా వచ్చాడు. ఆ కుర్ర సారును పిల్లలు లేయర్ సార్ అనేవాళ్లు. నీళ్ల గీతలు ఒక పొర మీద, కరెంటు గీతలు ఇంకో పొర మీద వేయమని, ‘లేయర్ మార్చిన్రా?’ అని పొద్దంతా అడుగుతాడని ఆ పేరు. కాబోయే మామను అతను ఎన్నడూ చూడలేదు. ఎగ్జామినరే అనుకుని చేతులు కట్టుకుని ఎదుట నిలబడ్డాడు.

“ఇంట్ల ఎంతమంది ఉంటరు?” అని సేఠు మొదలుపెట్టాడు.

“నలుగురనుకున్నం సార్” అన్నాడు లేయర్ సార్, తెర మీది ఇంటిని చూపిస్తూ.

“అనుకునుడేంది? ఎంతమందో తెల్వదా?”

“రేపు పెరుగుతరు గద సార్. గందుకే టాంకీ పెద్దగ పెట్టినం.”

సేఠు మొహం విప్పారింది. “ముందుచూపున్నది. మరి అమ్మానాయినలకు వేరే అర్ర ఉన్నదా?”

“కిందనే ఇచ్చినం సార్. మెట్లెక్కే పని లేదు. బాత్రూం గూడ ఆనుకునే ఉంది, రాత్రి లేస్తే తడుముకోకుండ లైటు పాయింటు మంచం పక్కనే పెట్టినం.”

“వంటింట్ల ఆడోళ్లకు పొగ తిప్పలు లేవు గద?”

“పొగ లాగే ఫ్యాను పెట్టినం సార్.”

సేఠు తృప్తిగా బిస్కెట్ ముంచుకున్నాడు. “మస్తు. సొంత ఇల్లేనా?”

“మాది కాదు సార్. పేపర్ల ఇచ్చిన ఇల్లు.”

బిస్కెట్ చాయ్‌లో మునిగిపోయింది. “పేపర్లనా? అంటే కోర్టు కేసుల ఉన్నదా?”

“లే సార్, అసల్కు ఆ ఇల్లే లేదు.”

“ఇల్లే లేదా! మరి ఇంతసేపు అమ్మానాయినలను ఏడ పండబెట్టినవయ్యా?”

సరిగ్గా అప్పుడే ఇన్‌ఛార్జి సారు ఫోన్ మోగింది. నన్ను పంపిన సంస్థవాళ్లు. నా ఫోన్ ఎత్తడం లేదని ఆయనకు చేశారు. “మేడమా? మేడమేంది? సార్ గదా వచ్చింది…” అంటూ సేఠును చూశారు, తలుపును చూశారు, చివరికి గదంతా కలియజూస్తూ నా పేరు గట్టిగా పిలిచారు. నేను లేచి, చెయ్యెత్తి, “ప్రెజెంట్ సార్” అన్నాను. (ఇంకేమైనా అనొచ్చు. ఆ క్షణాన అదే వచ్చింది.)

తర్వాత కాసేపు ఎవరు ఎవరికి క్షమాపణ చెబుతున్నారో తెలియలేదు. ఇన్‌ఛార్జి సారు నాకు చెప్పారు, నేను సేఠుకు చెప్పాను, సేఠు లేయర్ సార్‌కు తను ఎవరో చెప్పగానే అతను ఏకంగా అందరికీ చెప్పాడు. నేను మెత్తటి కుర్చీలో కూర్చుని కోల్పోయిన గౌరవాన్ని కూడగట్టుకుని, పిల్లలను వరండాలోకి పంపి, ఒక్కొక్క తెర చూడటం మొదలుపెట్టాను. చాలావరకు బాగానే గీశారు. చివరికొచ్చేసరికి ఒక ఇంట్లో పై బాత్రూం మురుగు పైపు తిన్నగా దేవుడి గది నెత్తి మీదుగా దిగుతోంది. నాకు నవ్వాగలేదు. “ఎవరో గానీ, కట్టిన ఇల్లయితే దేవుడే ఖాళీ చేసి పోతుండె. ఈ పిల్లకు ఇంక మస్తు ప్రాక్టీస్ కావాలె” అన్నాను గంభీరంగా. లేయర్ సార్ గొంతు సవరించుకున్నాడు. నేల చూపులు చూస్తూ, “అది మీరు కూసున్న సిస్టమే మేడం” అన్నాడు.

పక్క సీటు అమ్మాయిని లోపలికి పిలిచాను. ఆమె ఇంట్లో మురుగు పైపు చక్కగా వెనక గోడ మీదుగా బయటికి వెళుతోంది. మరి నాకు ఆ గోడ ఎందుకు చెప్పావని అడగాలా, అడిగితే ఎగ్జామినర్ పరువు ఉంటుందా అని నేను తికమకపడుతుంటే తనే అంది: “నేను గూడ ముందుగాల అట్లనే గీసిన మేడం. తర్వాత దేవుని అర్ర కనవడ్డది, మార్చిన. మీకు చెప్దామనుకునేటాళ్లకు మీరు లేచి మేడం అయిపోయిన్రు.” మిగతా ప్రశ్నలన్నిటికీ ఆమె తడుముకోకుండా జవాబు చెప్పింది. పాసైంది. కిందికి పరిగెత్తిన కాసేపటికి మార్కెట్లోంచి ఒక తల్లి అరుపు మేడ మీదికి వినిపించింది, సంతోషంతోనే.

సేఠు వెళుతూ గుమ్మంలో ఆగి ఇన్‌ఛార్జి సారుతో అన్న మాట నా చెవిన పడింది. “ఇల్లు లేకుంటె లేకపాయె. లేని ఇంట్ల గూడ అమ్మానాయినలకు కింది అర్ర ఇచ్చిండు. పిల్లగాడు మంచోడే.” ఆ పెళ్లికి నేనూ వెళ్లాను. ఆడపిల్ల తరఫువాళ్లు నన్ను పెళ్లికొడుకు స్టూడెంట్‌నే అనుకుని పిల్లల పంక్తిలో కూర్చోబెట్టారు. ఈసారి కూడా చూపించిన చోటే కూర్చుని భోంచేశాను.

ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. కళ్లజోడు వచ్చింది. ఏ సెంటరుకు వెళ్లినా మెట్ల దగ్గరే గుర్తుపట్టి బ్యాగు అందుకుంటారు. ఈ మధ్య ఒక చోట పరీక్ష మొదలవకముందు చివరి వరుసలో ఖాళీ సీటు కనిపిస్తే, ఎందుకో వెళ్లి కాసేపు కూర్చోబుద్ధేసింది. కూర్చున్నానో లేదో, పక్కనున్న అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది. ఆమెను చూసి ఆ వరుసంతా లేచింది. “మేడం, మీ కుర్చీ అక్కడ” అని ఒకమ్మాయి ఎంతో మర్యాదగా చూపించింది. నవ్వి, లేచి, అక్కడికే వెళ్లి కూర్చున్నాను.