తొమ్మిది చుట్ల టేపు

“నువ్వు మెకానిక్కువా, నల్లాలు బిగించేవాడివా?”

2014 మార్చిలో ఒక మధ్యాహ్నం పరదేశిని ఈ మాట అడిగినవాడు ప్రేమ్‌చంద్. రాయపూర్ శివారు టాటీబంధ్‌లో లారీల వరస వెనకాల ఇద్దరివీ పక్కపక్క రేకుల షెడ్లు. పరదేశిది ఇంజను పని, ప్రేమ్‌చంద్‌ది కార్ల కరెంటు పని. పదకొండేళ్లుగా వాళ్ల మధ్య ఒక ఒప్పందం: నూనె అంటేదంతా పరదేశిది, తీగ ఉన్నదంతా ప్రేమ్‌చంద్‌ది. కాగితం మీద పెట్టలేదు గానీ, కాగితాల మీద పెట్టినవాటికంటే బాగానే నడిచింది.

ప్రేమ్‌చంద్ హిందీలోనే అడిగాడు, నవ్వుతూనే అడిగాడు. కానీ ఆ మాట వెళ్లి ఎక్కడ తగిలిందో అతనికి తెలీదు. పరదేశి తండ్రి వెంకటస్వామి బొబ్బిలి వైపు నుంచి రాయపూర్ వచ్చి రైల్వేలో పైపుల ఫిట్టరుగా చేరినవాడు. డ్యూటీ దిగాక కాలనీలో ఎవరింట్లో నల్లా కారినా రెంచి పట్టుకుని పరిగెత్తేవాడు. బళ్లో పిల్లలు పరదేశిని పేరుతో పిలవలేదు, ‘నల్‌వాలా కొడుకు’ అని పిలిచేవారు. ముందు పుట్టిన ఇద్దరూ పోతే, ఈసారైనా దక్కాలని తల్లి పెట్టుకున్న పేరు అలా వృథా అయింది. పరదేశి ఇంజన్ల వైపు వచ్చింది యంత్రాల మీద ప్రేమతో కాదు. నల్లాలు కానిది ఏదైనా సరే అనుకుని వచ్చాడు.

చేతులు మాత్రం తండ్రివే. “కారిన జాయింటు ఫిట్టరు మొకం మీద ఉమ్మేసినట్టురా” అనేవాడు వెంకటస్వామి. పరదేశి ఏ మర బిగించినా, అవసరం ఉన్నా లేకపోయినా, నీళ్ల పైపుల జాయింట్లకి వేసే తెల్ల టేపు చుట్టందే బిగించడు. అతని షెడ్డులో బాగుపడిన బండి కింద నూనె చుక్క చూసినవాడు లేడు. ఇది పెద్ద గొప్పే. ముందు ముందు చెప్పబోయేదంతా ఈ గొప్ప చేసిన పనే.

ఆ రోజు షెడ్డులో ఉన్నది దుర్గారావుగారి తెల్ల డీజిల్ కారు. దుర్గారావుగారు దేవేంద్ర నగర్‌లో ఉంటారు. నాలుగు కార్లు కొని ఫ్యాక్టరీల ఆఫీసులకి అద్దెకి తిప్పుతారు. ఆ ఏడాది ఒక కారులో నూనె వేడెక్కి ఇంజను పోవడం కాస్తలో తప్పింది. ఎవరో చెబితే ఆయన నూనె వేడి చూపించే మీటరొకటి తెప్పించారు, దాంతో పాటు సెన్సారు కూడా.

“డ్రైవరు అబద్ధం చెప్తాడు పరదేశీ, మీటరు చెప్పదు,” అన్నారు పెట్టె చేతికిస్తూ.

ఆ డ్రైవరు ఈశ్వర్. పరదేశికి వరసకి మేనల్లుడు. ఆ ఉద్యోగం పెట్టించింది పరదేశే.

సెన్సారంటే వేలి కణుపంత ఇత్తడి ముక్క. దాని మూతి వేడి నూనెలో మునిగి ఉండాలి. ఇంజను అడుగున నూనె నిలిచే ఛాంబరుకి, పాత నూనె వదలడానికి ఒక బోల్టు ఉంటుంది. పరదేశి ఆ బోల్టుని లేతు మీద నడిమధ్య తొలిపించి, లోపల మర కోయించాడు. సెన్సారుని అందులో బిగించి, బోల్టుని తిరిగి ఛాంబరుకి బిగిస్తే సరి. సెన్సారు తోక నుంచి పైన మీటరు దాకా వెళ్లేది ఒకే ఒక్క తీగ. కరెంటు తిరిగి రావడానికి రెండో తీగ ఉండదు. సెన్సారు ఒళ్లు బోల్టుకి తగిలి, బోల్టు ఇంజనుకి తగిలి, ఆ ఇనుమే రెండో తీగ అవుతుంది. దాన్నే ఎర్తు అంటారు.

బిగించే ముందు పరదేశి పరీక్ష చేశాడు. షెడ్డు ఎదురుగా టీ కొట్టు సుభద్రది. బరంపురం మనిషి, తెలుగూ ఒడియా రెండూ ఆమెవే. ఆమె గిన్నెలో మరిగే నీళ్లలో సెన్సారు ముంచి, ఎర్తు తీగని సెన్సారు ఒంటికే కట్టి, పాత బ్యాటరీకీ మీటరుకీ కలిపి చూస్తే సూది సరిగ్గా వంద దగ్గర నిలబడింది.

“నా నీళ్లకి జొరం వచ్చిందా డాక్టరుబాబూ?” అంది సుభద్ర.

తర్వాత షెడ్డుకి వచ్చి టేపు తీశాడు. ఐదో చుట్టు చుడుతుండగా ప్రేమ్‌చంద్ వచ్చి, ఇందాక చెప్పిన ఆ ప్రశ్న అడిగాడు. పరదేశి అతని వైపు చూస్తూ ఇంకో నాలుగు చుట్లు చుట్టాడు. మొత్తం తొమ్మిది.

మామూలుగా అయితే అక్కడితో లేచి, “ఇక నీ పని” అని తీగ ప్రేమ్‌చంద్ చేతికివ్వాలి. ఆ రోజు ఇవ్వలేదు. తీగ తనే లాగాడు, మీటరు తనే కలిపాడు. ఇంజను వేస్తే సూది లేచి డెబ్భై దాటి ఆగింది. కదిలింది కాబట్టి పనిచేస్తోందనుకున్నాడు. రాత్రంతా బండి కింద అట్టముక్క పరిచి ఉంచాడు. పొద్దున్న చూస్తే అట్ట పొడిగా ఉంది. అతను చూసుకున్నది అదొక్కటే.

మే నెలలో ఈశ్వర్ ఇద్దరు అతిథులని ఎక్కించుకుని జగదల్‌పూర్ బయల్దేరాడు. ఎండ నలభై నాలుగు. కాంకేర్ దాటాక బండిలో కాలిన వాసన. పక్కన ఆపి యజమానికి ఫోను చేశాడు.

“మీటరు ఎంత చూపిస్తోంది?” అని అడిగారు దుర్గారావుగారు.

“తొంభై అయిదండి. కానీ వాసన...”

“తొంభై అయిదంటే నీళ్లు కూడా మరగవు. నడుపు. ఏసీ ఆపకు, వాళ్లు పెద్దవాళ్లు.”

కేశ్‌కాల్ ఘాటు నాలుగో మలుపులో నూనె గుర్తున్న ఎర్ర లైటు వెలిగింది. ఈశ్వర్ కాలు తీసేలోపు లోపల ఏదో టకటకా కొట్టుకుని ఇంజను పట్టేసి ఆగిపోయింది. బండిని లారీకి కట్టి తెచ్చారు.

తీర్పుకి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. “మీటరు తొంభై అయిదు చూపిస్తుంటే నూనె ఎలా కాలుతుందిరా? ఘాట్లో గేరు మార్చకుండా తొక్కి చంపేశావు,” అన్నారు దుర్గారావుగారు. రెండు నెలల జీతం, పద్నాలుగు వేలు, ఆపేశారు. తాళం చెవి తీసేసుకున్నారు. యంత్రం సాక్ష్యం చెప్పాక మనిషి మాట ఎవరు వింటారు? యంత్రాన్ని బిగించింది కూడా మనిషేనన్న సంగతి మనకి సాధారణంగా గుర్తురాదు.

ఇంజను విప్పే పని పరదేశికే వచ్చింది. బేరింగులు నీలంగా మారి ఉన్నాయి. నూనె తారులా ఉంది. తొంభై అయిదు వేడికి బేరింగు నీలమెక్కదు, అది ఏ మెకానిక్కుకైనా తెలుసు. పరదేశి బోల్టు విప్పి, సెన్సారు దాంట్లోనే ఉంచి, మీటరు ఊడదీసుకుని, బ్యాటరీ చంకన పెట్టుకుని సుభద్ర కొట్టుకి నడిచాడు.

ఎర్తు తీగని ఈసారి బోల్టుకి కట్టి, రెండింటినీ కలిపి మరిగే నీళ్లలో ముంచాడు. సూది అరవై ఎనిమిది దగ్గర ఆగింది. గిన్నె తెర్లుతోంది, సూది అరవై ఎనిమిది. సెన్సారు విప్పి, బ్లేడుతో టేపంతా గీకేసి, మళ్లీ బిగించి ముంచాడు. వంద.

సెన్సారుకీ బోల్టుకీ మధ్య తొమ్మిది పొరల టేపు. ఇత్తడికి ఇనుము సరిగ్గా తగల్లేదు. కరెంటు ఈడ్చుకుంటూ వచ్చింది, సూది తక్కువ చెప్పింది. తొంభై అయిదు అన్నప్పుడు లోపల నూట నలభై దాకా ఉండి ఉంటుంది.

“ఏటయింది బాబూ?” అంది సుభద్ర.

“ఏటీ లేదు,” అన్నాడు పరదేశి.

ఆ ‘ఏటీ లేదు’ ఇరవై మూడు రోజులు నడిచింది.

నాలుగో రోజున భార్య మాలతికి చెప్పాడు. ఆమె చపాతీ పిండి కలుపుతూ అంతా వింది.

“సెప్తే ఏటవుద్ది? ఈశ్వర్‌కి తాళం చెవి మళ్లీ ఇస్తాడా ఆయన?”

“ఇవ్వడు.”

“మరి మన షెడ్డు ఉంటాదా?”

పరదేశి చెంబెత్తి పిండిలో ఇంకొంచెం నీళ్లు పోశాడు.

“మరెందుకు సెప్పడం?”

మాలతిని తిట్టుకోనక్కర్లేదు. ఆమె అడిగిన చివరి ప్రశ్నకి జవాబు దొరికినవాడు ఎవడైనా ఉంటే ముందుకు రావచ్చు. పరదేశి కూడా తన వైపు వాదనలు వెతుక్కున్నాడు. దొరికాయి కూడా: పదివేల కిలోమీటర్లకి మార్చాల్సిన నూనెని దుర్గారావుగారు పదిహేడు వేల దాకా లాగించారు. వాసన వస్తోందని చెప్పినా నడపమన్నది ఆయనే. ఇవన్నీ నిజాలే. తప్పు దాచడానికి అబద్ధాలే కావాలని ఎక్కడుంది?

ఇరవై మూడో రోజు ఈశ్వర్ షెడ్డుకొచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది.

“మావా, నీకాడ పని నేర్పు. నాకింక స్టీరింగు ఎవడూ ఇవ్వడు.”

“ఎవడన్నాడు?”

“ఎవడనలేదు సెప్పు. పండరీ బజార్లో బట్టల మూటలేసే డబ్బా ఆటో అడిగినా. ‘ఇంజను మింగినోడివి నువ్వే కదా, మా ఆటో నీకు నంజుకోడానికా’ అన్నారు.” నవ్వబోయాడు, రాలేదు. “పని తర్వాత నేర్పుదువులే. ముందు ఒక్కటి సెప్పు. ఇంజను నీకు తెలుసు. నాను సేసిన తప్పేటి? రోజూ అదే అనుకుంటన్నా. మలుపు కాడ రెండో గేరే ఏసినా. ఏసినానా లేదా అని నాకే అనుమానం వచ్చేస్తంది మావా.”

పరదేశి లోపలికి వెళ్లి డబ్బాలోంచి బోల్టూ సెన్సారూ మీటరూ తీసి, పాత బ్యాటరీ చంకన పెట్టుకున్నాడు. ఈశ్వర్‌ని సుభద్ర కొట్టుకి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టాడు. టీ ఇప్పించాడు. టేపు తీసి, ఒకటి, రెండు, అని పైకే లెక్కపెడుతూ తొమ్మిది చుట్లు చుట్టి, బిగించి, ముంచాడు. ఈశ్వర్ సూది వైపు చూశాడు. తర్వాత పరదేశి టేపు గీకేసి మళ్లీ ముంచాడు. ఈశ్వర్ మళ్లీ చూశాడు. డ్రైవరే గానీ, మరిగే నీళ్లు ఎంత వేడి ఉంటాయో తెలియనివాడు కాదు.

“ఇది నీకెప్పుడు తెలిసింది?” అన్నాడు.

“బండి వచ్చిన మర్నాడు.”

ఈశ్వర్ గ్లాసు ఎత్తి, మిగిలిన టీ నెమ్మదిగా నేల మీద పోసేశాడు.

“ఇరవై మూడు రోజులు. మొన్న ఇదే బల్ల మీద కూకోబెట్టి, అధైర్యపడకురా అన్నావు.”

లేచి వెళ్లిపోయాడు. పని నేర్పమన్న సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పరదేశి దేవేంద్ర నగర్ వెళ్లాడు. దుర్గారావుగారు మేడ కింద ఆఫీసు గదిలో ఉన్నారు. పరదేశి బోల్టు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాడు. ఆయన కోప్పడలేదు. అందుకే పరదేశికి భయమేసింది.

“అంటే తప్పు నీదే అంటావు.”

“టేపు నాదండి. నూనె కూడా టైముకి మార్చి ఉంటే...”

“టేపు సంగతి చెప్పు. రాసిస్తావా?”

రాసిచ్చాడు. ఇంజను బాగుచేసిన కూలీ వదులుకోవాలి. పైగా సామాన్ల ఖర్చులో తన వాటా ఇరవై రెండు వేలు నెలకి వెయ్యి చొప్పున కట్టాలి. పరదేశి సరేనన్నాడు. లేచే ముందు అడిగాడు:

“మరి ఈశ్వర్ జీతం, సార్? ఆడి తప్పు లేదు కదా.”

“వాసన వచ్చిందని తెలిసినవాడు బండి ఆపేయొచ్చుగా?”

“ఆపి మీకే ఫోను చేశాడండి.”

దుర్గారావుగారు బోల్టుని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారు. “చూద్దాంలే,” అన్నారు.

నిజం చెప్పేశాక మనసు తేలికపడిందని రాయడం చాలామందికి సరదా. పరదేశికి తేలికపడలేదు. దుర్గారావుగారి నాలుగు కార్లూ వేరే షెడ్డుకి పోయాయి, వాటితో పాటు ఆయన స్నేహితుల కార్లు కూడా. ‘టేపు మిస్త్రీ’ అన్న పేరు వచ్చింది. మాలతి ఆరు నెలలు దెప్పలేదు. దెప్పితే బాగుండునని అతనికి అనిపించేది. ఈశ్వర్‌కి ఏడాది తర్వాత ఒక బడి బస్సు దొరికింది. అది రోజుకి రెండుసార్లు షెడ్డు ముందు నుంచే పోతుంది. హారను కొట్టదు.

ప్రేమ్‌చంద్ మాత్రం ఒకరోజు వచ్చి నిలబడ్డాడు. “ఆ రోజు ఎర్తు సంగతి చెబుదామనే వచ్చాను. ముందు కాస్త ఏడిపించి తర్వాత చెబుదామనుకున్నాను. నువ్వు నా మొహం చూస్తూ చుట్టడం మొదలెట్టావు. సర్లే నీ ఖర్మ అనుకుని పోయాను,” అన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని క్షమించాలో తేలలేదు. తీగల పని మళ్లీ అతని చేతికే పోతోంది. ఎగతాళి మానేశాడు, దాంతో షెడ్డు కొంచెం చిన్నబోయింది.

పరదేశి ఇప్పటికీ సెన్సార్లు బిగిస్తాడు. మర మీద టేపు చుట్టడు, రాగి వాషరు వేస్తాడు. ఎర్తుకి విడిగా ఇంకో తీగ లాగిస్తాడు. బోల్టుతో సహా సుభద్ర గిన్నెలో ముంచి, సూది చూసి గానీ బండి కిందకి దూరడు. ఎప్పుడైనా అట్ట మీద ఒక చుక్క కనిపిస్తుంది. తుడిచి, పావు చుట్టు బిగిస్తాడు. తుడుస్తున్నప్పుడు అతని మొహం ఇప్పటికీ తండ్రి చూస్తున్నట్టే ఉంటుంది.

దుర్గారావుగారికి కట్టాల్సిన ఇరవై రెండు వేలూ 2016 ఏప్రిల్‌కి తీరిపోయాయి. ఈశ్వర్‌కి రావాల్సిన పద్నాలుగు వేలు దుర్గారావుగారు ఇంకా ఇవ్వలేదు.