వాటా లేని సాక్షులు

మా మేనత్త దర్జీ. పెళ్ళి చేసుకోలేదు. "ఊరందరి కొలతలూ తీశాను, నాకు సరిపడేవాడు ఒక్కడూ తగల్లేదు" అని తానే నవ్వేది. కింద కుట్టుకొట్టు, పైన రెండు గదులు, అదే ఆమె ఆస్తి. ఆమెతో బొత్తాలక్క ఉంటుంది. ఒకప్పుడు కాజాలు, బొత్తాలు కుట్టడానికి వచ్చిన పిల్ల, వెళ్ళిపోవడం మరిచిపోయి అక్కడే ముసలిదైంది. రక్తసంబంధం లేదు. అయినా అత్తకు వేడినీళ్ళు పెట్టేదీ, మాత్రలు మింగించేదీ, తిట్లు తినేదీ ఆమే.

అత్త తర్వాత ఆమె గతేమిటి? చట్టం ప్రకారం వారసులం నేనూ, అన్నయ్యా. అందుకే అత్త ఏనాడో వీలునామా రాసి ఇల్లు బొత్తాలక్క పేర పెట్టింది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. నేను సంతోషించాను, అన్నయ్య మాట మార్చేశాడు.

ఈమధ్య అత్త జారిపడి ఆస్పత్రిలో చేరింది. ఎందుకైనా మంచిదని ఆ వీలునామా ప్లీడరుగారికి చూపించాను. ఆయన చివరి పేజీ చూసి కళ్ళజోడు తీసేశారు.

"ఇల్లెవరికి రాశారో ఆవిడ చేతే సాక్షి సంతకం పెట్టించారేమిటమ్మా? రేపు ఎవరైనా కోర్టుకెక్కితే ఆవిడకి రాసింది నిలవడం కష్టం."

ఇది ఎవరి తెలివో వేరే చెప్పాలా? అత్త కొట్లో ఒక పద్ధతుంది. బట్ట ఎవరిదో వాళ్ళు కొలతల చీటీ చూసుకుని సంతకం పెడితేగానీ కత్తెర కదలదు. మహాతల్లి వీలునామాకీ అదే చేసింది!

ఆస్పత్రికి పరుగెత్తాను. "ఎవర్నైనా ఒక్కమాట అడిగి ఏడవకూడదా అత్తా?"

"ఎందుకడగాలే? తొడుక్కునేది అదైతే కొలత పక్కింటివాడు చూస్తాడా?"

మంచాన పడ్డా నోరు పడలేదు! నాకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మూల కూర్చున్న బొత్తాలక్క "పోనీలే అమ్మా, నాకెందుకవన్నీ" అంది. చేతిలోని రుమాలు మాత్రం నలిగి ఉండచుట్టుకుపోయింది. ఆ గదులు వదిలి పొమ్మంటే పోవడానికి ఆమెకు ఇంకో గడప లేదు.

మర్నాడు ప్లీడరుగారు కొత్త వీలునామాతో వచ్చారు. అన్నయ్య కూడా ఊర్నుంచి దిగాడు. ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉంటున్నారని డాక్టరు అడిగితే "మీరు పుట్టకముందు నుంచి" అంది అత్త. మరో నాలుగు ప్రశ్నలు అడిగి, మతి నిక్షేపంగా ఉందని రాసిచ్చి ఆయన బయటపడ్డాడు. బొత్తాలక్కను వసారాలోకి పంపారు.

"ఇప్పుడు దీనివల్ల చిల్లిగవ్వ కూడా దక్కని మనుషులు ఇద్దరు కావాలి" అన్నారు ప్లీడరుగారు.

అత్త మమ్మల్ని చూసి ఫక్కున నవ్వింది. "ఎక్కడో వెతకడమెందుకండీ? ఎదురుగానే ఉన్నారుగా!"

"రేపు అడ్డం తిరగాల్సినవాళ్ళే సాక్షులైతే ఇక కావలసిందేముంది?" అని ఆయనా నవ్వారు.

మా ఎదుటే అత్త సంతకం చేసింది. నేనూ చేశాను. కలం అన్నయ్య చేతికి వెళ్ళి ఆగిపోయింది. వాడికి ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. వాడు కాదంటే మరో సాక్షి దొరుకుతాడు, కానీ రేపు కోర్టుకెక్కేది వాడేగా! నాలుగు తిట్లు నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని చూస్తున్నాను.

"మాకేమీ లేదా అత్తా?" అన్నాడు మెల్లగా.

"నీకు మేమందరం ఉన్నాంరా. దానికి నేనొక్కదాన్నే."

వాడు తల వంచుకుని సంతకం పెట్టాడు.

హమ్మయ్య! సిద్ధం చేసుకున్న తిట్లన్నీ మింగేసి, వాడి వెనకే వసారాలోకి నడిచాను. బెంచీ చివర కూర్చున్న బొత్తాలక్క, ఏం కబురు తెచ్చాడోనని వాణ్ని చూసి లేచి నిలబడింది.

"కూర్చో అక్కా" అన్నాడు అన్నయ్య. "సెలవులకి పిల్లల్ని తీసుకొస్తాం. గది అద్దెకిచ్చేశావంటే మేమెక్కడ పడుకోవాలి?"

ఆమె కూర్చోలేదు. వాడి చెయ్యి పట్టుకుని బావురుమంది. ఏడుస్తూనే అడిగింది, "ఏ గదిమ్మంటావు నాయనా, ముందుదా, వెనకదా?"